పాప ఏడుపుకు ఏ చానెల్?

నమోదు 1

సౌగంధికి ఈ రోజు ఆడపిల్ల పుట్టింది. పుట్టగానే ఏడ్చింది. ఆ ఏడుపు విని చెత్తబండి వచ్చింది.

చెత్తబండి ఎవరి పిలుపు విని ఎటు పోతుందో చూసుకునేది నేనే కాబట్టి ఈ సంగతి చిట్టాలో రాయక తప్పదు. నా పేరు భ్రమర. నెమ్మదినగరంలో చానెళ్ళ గది నా బాధ్యత. మా ఊరు చందమామ వెనకవైపు, నేల లోపల, పాత లావా సొరంగాల్లో ఉంటుంది. మా నెత్తిన పెద్ద చెవి ఉంది. ఆకాశం ఏ మూలన ఏం గొణిగినా వినిపించుకునే ఇనుప పళ్ళెం అది. దానికి అడ్డు తగలకూడదని ఇక్కడ ఫోను, రేడియో లాంటివి ఏవీ ఉండనివ్వరు. అందుకని యంత్రాలకు పనులు శబ్దంతోనే చెబుతాం. ప్రతి సొరంగంలో స్పీకర్లు ఉన్నాయి. ప్రతి యంత్రానికీ ఒక మైకు ఉంది.

శబ్దాలు పంపేది, భూమ్మీద ఎవరో పాటలు కట్టుకోవడానికి చేసుకున్న పాత సంగీత సాఫ్ట్‌వేర్. తెర మీద ఒకదాని కింద ఒకటి చానెళ్ళుంటాయి. ఒక్కో చానెల్‌కు ఒక్కో వాయిద్యం పెడతాను. వీణ చానెల్ నీళ్ళ పంపుది. కింది స్వరం పలికితే సన్నధార, పై స్వరం పలికితే జోరు. వేణువు తలుపులది. సన్నాయి చెత్తబండిది, ఏ స్వరం పలికితే ఆ సొరంగానికి పోతుంది. అన్నిటికంటే కింద డ్రమ్ చానెల్ ఉంటుంది. దానికి హెచ్చు స్వరం, తగ్గు స్వరం అనేవి లేవు. హార్మోనియం మెట్లలాంటివే ఉంటాయి కానీ ఒక్కో మెట్టు ఒక్కో వాద్యం. ఒకటి నొక్కితే డోలక్, పక్కది నొక్కితే ఘటం, దాని పక్కది తాళం. డోలక్ ఒక దెబ్బ మోగితే దీపాలు ఆరతాయి, మరో దెబ్బకు వెలుగుతాయి.

యంత్రాలకు స్పీకరుకూ మనిషి గొంతుకూ తేడా తెలియదు. అందుకే ఇక్కడ ఎవరూ పాడరు. ఓడ దిగిన రోజే అందరికీ చెప్పేస్తాం, కూనిరాగం కూడా పనికిరాదని. పెద్దవాళ్ళం అలవాటుపడ్డాం. కానీ ఈ ఊళ్ళో ఇంతవరకు పసిపిల్లలు లేరు. ఇదే మొదటి కాన్పు.

నేను వెళ్ళేసరికి చెత్తబండి ఉయ్యాల పక్కన మూత తెరుచుకుని వినయంగా నిలబడి ఉంది. సౌగంధి మంచం మీద నుంచి లేవలేక, పిల్లను గుండెకు హత్తుకుని నా వైపు చూసింది.

"అక్కా, ఇది నా బిడ్డని చూసి మూత తీస్తోంది" అంది.

నమోదు 2

పాప ఏడుపును మైకులో పట్టి తెర మీద చూశాను. సన్నాయి పై స్వరాల మీద సరిగ్గా కూర్చుంది. గొంతు మంచి నిక్కచ్చిగా ఉంది, ఎక్కడా అపస్వరం లేదు. ఏడ్చిన ప్రతిసారీ చెత్తబండి వస్తోంది. ఊరుకుంటే వెళ్ళిపోతోంది. దాన్ని చూస్తే పాపకు భయం లేదు సరికదా, మూత తెరుచుకోగానే ఏడుపు ఆపి కళ్ళు విప్పి దాని వైపే చూస్తోందట. తల్లికి మాత్రం ప్రాణం పోతోంది.

చెత్తబండిని సన్నాయి నుంచి తీసేసి డ్రమ్ చానెల్లో ఘటం మెట్టుకు తగిలించాను. పసిపిల్ల ఎంత ఏడ్చినా ఘటంలా ఏడవదు కదా అనుకున్నాను. సాయంత్రం దాకా బండి ఉయ్యాల దిక్కుకు పోలేదు. వంటింటికి పోయింది.

మా వంటింటి పెద్ద మస్తానయ్య బాబాయిది నెల్లూరు. మొక్కల సొరంగంలో ఎన్నాళ్ళుగానో పెంచిన గోంగూర మొదటిసారి కోతకు వస్తే, దాన్ని రోట్లో వేసి నూరుతున్నాడు. పొత్రం దెబ్బ ఘటం దెబ్బలాగే ఉంది. బండి వచ్చింది, చెయ్యి చాపింది, పచ్చడి గిన్నెను ఎత్తి కడుపులో వేసుకుని పోయింది. ఆయన అరవలేదు. నా గదికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఏందిమ్మా భ్రమరా, నేను నూరిన పచ్చడి నీ బండికి చెత్త మాదిరి కనపడిందా?"

క్షమించమని అడిగి బండిని తాళం మెట్టుకు మార్చాను. అప్పటినుంచి వంటింట్లో స్టీలు కంచాల మధ్య గుడ్డలు పెట్టి, ముంతలో పాము ఉన్నంత జాగ్రత్తగా సర్దుతున్నారు.

నమోదు 5

పాప రాత్రీ పగలూ తేడా లేకుండా ఏడుస్తోంది. ఇళ్ళ మధ్య పలచటి గోడలు. ఊళ్ళో ఎవరికీ నిద్ర లేదు. సౌగంధి భర్త భాను పెద్ద చెవి మరమ్మతు మీద పైకి వెళ్ళి అక్కడి గాలి నింపిన గుడారంలోనే ఉంటున్నాడు. ఆయన ఒక్కడే హాయిగా నిద్రపోతున్నాడని ఊరంతా అసూయ పడుతోంది.

సౌగంధి పాపను ఎత్తుకుని తిరిగింది, ఊపింది, గిలక్కాయ చూపించింది. ఆఖరికి ఇవాళ తట్టుకోలేక పాడింది. తన అమ్మమ్మ పాడిన పాటట, సగం మాటలు మర్చిపోయి మిగిలిన చోట లాలలూ లోలోలూ వేసుకుంది. పాప నిజంగానే కళ్ళు మూసింది.

సౌగంధి గొంతు తేనెలాంటిది, అందులో సందేహం లేదు. కానీ అది వీణ చానెల్ స్వరాల్లో ఉంది. ఆ సమయానికి మా ఊరి అధికారి గజపతిరావు గారు స్నానం చేస్తున్నారు. పాట కిందికి దిగినప్పుడు ఆయన మీద చుక్కలు పడ్డాయి. పైకి వెళ్ళినప్పుడు గోడకు కొట్టుకునేంత జోరుగా పడ్డాయి. చందమామ మీద మనుషులు తేలిక. చరణంలో సౌగంధి పై షడ్జమం అందుకుని అక్కడే నిలబడేసరికి ఆయన నీళ్ళతోపాటు తలుపుదాకా కొట్టుకొచ్చారు.

తువ్వాలుతోనే నా గదికి వచ్చారు. ఆయనది విజయనగరం. కోపం వచ్చినప్పుడు హోదా పక్కకు పోయి ఊరి మాట బయటికి వస్తుంది.

"ఏటమ్మా భ్రమరా ఇది? నేను తానానికి దిగితే నీళ్ళు పాట పాడతన్నాయి."

సంగతి విన్నారు. వెంటనే ఉత్తర్వు రాయించారు. నగరంలో పాడటం నిషేధం, ఏడవటం కూడా నిషేధం, అందుకు విచారిస్తున్నాం అని. పాపకు ఇంకా పేరు పెట్టలేదు కాబట్టి అందులో 'నూతన నివాసి' అని రాశారు. ఒక ప్రతిని ఉయ్యాలకు అంటించారు. నూతన నివాసి దాని అంచు చప్పరించింది.

నమోదు 9

గజపతిరావు గారు మరో నిర్ణయం తీసుకున్నారు. రాబోయే సరకుల ఓడలో సౌగంధినీ పాపనూ భూమికి పంపించేస్తారట. ఇది కోపంతో చేసింది కాదని నాకు తెలుసు. ఆయన కళ్ళ కింద సంచులు వేలాడుతున్నాయి. నిన్న సభలో మాట్లాడుతూ మాట్లాడుతూ నన్ను 'అమ్మా' అని పిలిచి, నిజంగా వాళ్ళమ్మే అనుకుని అన్నం పెట్టమన్నారు.

సౌగంధి పాపతో నా గదికి వచ్చింది. ఇక్కడ మొక్కల సొరంగం మొత్తం ఆమె చేతుల మీద నడుస్తుంది. భాను మరమ్మతు పూర్తి కావడానికి ఏళ్ళు పడుతుంది. పైగా ఈ తేలికలో పుట్టిన పిల్ల ఎముకలు భూమి బరువును మోయలేవని డాక్టరమ్మ చెప్పింది. అక్కడికి వెళ్తే చాలాకాలం నీళ్ళ తొట్టిలోనే ఉంచి పెంచాలట. సౌగంధి ఇవన్నీ చెబుతూ ఏడవలేదు, ఏడిస్తే ఏ తలుపు తెరుచుకుంటుందోనని పెదవి బిగబట్టింది.

"నువ్వు చానెళ్ళు ఎటైనా మార్చగలవు కదక్కా. మా ఇద్దరికీ కాస్త చోటు చెయ్యి" అంది.

చేస్తానన్నాను. ఎలాగో నాకు తెలియదు.

నమోదు 10

స్వరాలతోనే చిక్కు వస్తోంది కాబట్టి స్వరాలే లేకుండా చేద్దామనుకున్నాను. వీణ, వేణువు, సన్నాయి అన్నిటినీ ఆపేసి, ఊళ్ళోని ప్రతి యంత్రాన్నీ డ్రమ్ చానెల్లోకి దించాను. పంపుకు మృదంగం, తలుపులకు గంజీర, భోజనాల బండికి తవిల్. మెట్లన్నీ నిండిపోయాయి. ఇక ఎవరు ఏ రాగంలో ఏడ్చినా పరవాలేదు.

మొదట గజపతిరావు గారు తుమ్మారు. భోజనాల బండి వచ్చింది. ఆయన తుమ్ము తవిల్ దెబ్బకు ఏమాత్రం తీసిపోదని అప్పుడే తెలిసింది. ఆయన ఆశ్చర్యపడి, వచ్చిందెలాగూ వచ్చింది కదా అని రెండు గారెలు తీసుకున్నారు. ఆ తర్వాత ఆయన అవసరం లేకుండా ఇంకో రెండుసార్లు తుమ్మారని మస్తానయ్య బాబాయి అనుమానం.

చెప్పులు ఈడ్చుకుంటూ నడిచేవాళ్ళ ముందు తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి. డాక్టరమ్మకు ఎక్కిళ్ళు పట్టుకుంటే ఆసుపత్రి దీపాలు ఆరి వెలిగి ఆరి వెలిగాయి. అది చూసి ఆమెకు కంగారు పుట్టి ఎక్కిళ్ళు ఎక్కువయ్యాయి. ఇవి చాలక స్పీకర్లలో పొద్దస్తమానం డప్పుల మోతే. ఊరు మొత్తం ఊరేగింపులో ఉన్నట్టుంది. పాప మాత్రం కాళ్ళు ఆడిస్తూ సంతోషంగా మేలుకుని ఉంది.

మధ్యాహ్నానికల్లా పైనుంచి భాను దిగివచ్చాడు. కింద మోత రాతిలోంచి పాకి పెద్ద చెవి అదురుతోందట. ఏదో దూరపు నక్షత్రం తాళం వేస్తోందని శాస్త్రవేత్తలు ఆనందంగా లెక్కలు మొదలుపెట్టారట. అది మా చెత్తబండి అని చెప్పే పని భాను మీద పడింది. కూతుర్ని ఎత్తుకుని ముద్దుపెట్టుకుని, మొహం వేలాడేసుకుని మళ్ళీ పైకి వెళ్ళాడు.

అన్నీ వెనక్కి మార్చాను. చేతులు నొప్పి.

నమోదు 13

ఈసారి నిదానంగా ఆలోచించాను. వాయిద్యం చానెల్ ఒక్కటే ఉంటే గొంతులు అడ్డు వస్తున్నాయి. డ్రమ్ చానెల్ ఒక్కటే ఉంటే తుమ్ములు అడ్డు వస్తున్నాయి. రెండూ కలిపితే? స్వరమూ దెబ్బా ఒకేసారి వినిపిస్తేనే యంత్రం కదలాలి. సన్నాయితోపాటు ఘటం పడితే చెత్తబండి. వీణతోపాటు మృదంగం పడితే పంపు. మనిషికి ఉన్నది ఒకటే గొంతు. ఏడ్చేవాళ్ళు తాళం వేసుకుంటూ ఏడవరు. నూరేవాళ్ళు రాగం తీస్తూ నూరరు.

ప్రతి చానెల్‌నూ డ్రమ్ చానెల్లోని ఒక మెట్టుతో జతచేశాను. వాటి శబ్దం ఎంత ఉండాలో, ఎంత సేపు మోగాలో ఒక్కోటీ సరిచూశాను. పాప భోజనాల వేళంతా ఏడ్చింది, ఒక్క యంత్రం కదల్లేదు. మస్తానయ్య బాబాయి కక్ష తీర్చుకుంటున్నట్టు నూరాడు, కదల్లేదు. గజపతిరావు గారు తుమ్మారు, బండి రాలేదు. ఆయన కాసేపు గుమ్మం వైపు చూసి తలదించుకున్నారు.

గర్వంగా సౌగంధి ఇంటికి వెళ్ళి, ఇక హాయిగా పాడుకోమన్నాను. ఆమె మొహం వెలిగింది. పాపను భుజాన వేసుకుని, పాట మొదలుపెట్టి, వీపు మీద మెల్లగా తట్టింది.

దీపాలు ఆరాయి. తలుపు తెరుచుకుంది. చెత్తబండి, భోజనాల బండి ఒకేసారి లోపలికి రావాలని చూసి గుమ్మంలో ఇరుక్కున్నాయి. ఎక్కడో దూరంగా స్నానాల గదిలోంచి గజపతిరావు గారు నా పేరు పిలవడం వినిపించింది.

పాడేటప్పుడు తట్టొద్దని అన్నాను. నేను ఏదో పరాయి భాష మాట్లాడినట్టు చూసింది.

"జోకొట్టకుండా జోలపాట ఎట్లా పాడతారక్కా?"

బండ్లను ఒకదాని తర్వాత ఒకటి బయటికి లాగి ఇంటికి వచ్చాను.

నమోదు 15

ఓడ దగ్గర పడుతోంది. సౌగంధి సామాను సర్దుతోంది. నాకు ఏమీ తోచక ఆమెకు సాయం చేద్దామని వెళ్ళి, ఊరికే కూర్చుని చూశాను. పాప ఏడ్చింది. యంత్రాలు కదలకుండా గదిలో మైకు మీద దిండు కట్టి సౌగంధి పాడింది.

మొదటిసారి సరిగ్గా విన్నాను. ఆమె దెబ్బ స్వరం ఎత్తుకోవడంతోపాటే పడదు. ఎత్తుకున్నాక ఒక ఊపిరంత ఆగి, స్వరం ఇంకా సాగుతుండగా పడుతుంది. పాప కళ్ళు బరువెక్కేకొద్దీ ఆ ఎడం ఇంకా సాగుతుంది. ఏ పూట పాడినా ఇంతే. నా సాఫ్ట్‌వేర్‌లో ఇలా ఆలస్యంగా తట్టే డోలు ఏదీ లేదు. ఇన్నాళ్ళూ ఈ శబ్దాన్ని యంత్రాల చెవిన పడకుండా దాచాలని చూశాను. దీన్నే వాటికి వినిపించి, ఇది వినగానే పడుకోండని నేర్పితే?

దానికి ఒక వాయిద్యం చానెల్ కావాలి, డ్రమ్ చానెల్లో ఒక మెట్టు కావాలి. రెండూ నిండిపోయి ఉన్నాయి. తెర మొత్తం వెతికితే, గజపతిరావు గారు సభకు వచ్చేటప్పుడు మోగే బాకా ఒక చానెల్, ఆయన కూర్చున్నాక మోగే నగారా ఒక మెట్టు కనిపించాయి. ఎవరినీ అడగకుండా రెండూ తీసేశాను.

సౌగంధి గొంతును బాకా చోట నింపాను. నగారా చోటికి తట్టే శబ్దం కావాలి. ఉత్త దిండును తట్టమంటే పరుపు దులుపుతున్నట్టు కొట్టింది. పాపను భుజాన వేస్తే కానీ ఆ చెయ్యి మెత్తబడలేదు. అలాగే రికార్డు చేశాను, మధ్యలో పాప తేనుపు కూడా పడింది. తీసెయ్యబుద్ధి కాలేదు. ఈ రెండూ కలిసి వినిపిస్తే దీపాలు తగ్గాలి, తలుపులు మెల్లగా మూసుకోవాలి, బండ్లు తమ చోట్లకు పోవాలి, స్పీకర్లు ఊరుకోవాలి. పాప మళ్ళీ ఏడిస్తే అన్నీ లేవాలి. మిగతా వాటికంటే ముందు దీని మాటే చెల్లేలా దీన్ని చానెళ్ళన్నిటికీ పైన పెట్టాను. పరీక్షించి చూసే సమయం లేదు, ఓడ వచ్చేది రేపే.

నమోదు 16

ఓడరేవు హాల్లో వీడ్కోలు సభ. పైనుంచి దిగివచ్చిన భానుతో సహా ఊరంతా వచ్చింది. అందరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి, కొందరివి నిద్రలేక, కొందరివి బాధతో. మస్తానయ్య బాబాయి సౌగంధికి దారిలో తినమని పొడులు కట్టి తెచ్చాడు. గజపతిరావు గారు బాకా కోసం కాసేపు గుమ్మంలో ఆగి, అది మోగకపోయేసరికి మామూలుగానే లోపలికి వచ్చారు. కాగితం తీసి చదవడం మొదలుపెట్టారు. నూతన నివాసి నగరానికి చేసిన సేవలు అనే మాట దగ్గరకు వచ్చేసరికి పాప గుక్కపట్టింది.

సౌగంధి నా వైపు చూసింది. నేను తలూపాను. పాపను భుజాన వేసుకుని పాడింది, తట్టింది.

హాల్లో దీపాలు పొద్దుగూకినట్టు తగ్గాయి. సొరంగాల పొడవునా తలుపులు ఒకదాని తర్వాత ఒకటి చప్పుడు లేకుండా మూసుకున్నాయి. పంపు హోరు ఆగిపోయింది. ఈ ఊళ్ళో అంతటి నిశ్శబ్దం నేను ఎప్పుడూ వినలేదు. అందులో సౌగంధి గొంతు, ఆ చెయ్యి. ముందు డాక్టరమ్మ నేల మీద కూర్చుంది. తర్వాత ఇంకొందరు. గజపతిరావు గారు కాగితాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుని ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదువుతూ, చదువుతూ, మస్తానయ్య బాబాయి భుజం మీదికి ఒరిగిపోయారు. బాబాయి ఆయన్ను పక్కకు నెట్టబోయి, సగంలో తానూ గురకపెట్టాడు. ఆ తర్వాత ఏం జరిగిందో నేను చూడలేదు.

ఓడ వచ్చిందట. రేవు తలుపుకు ఆనుకుని హారన్ కొట్టిందట. తలుపు వినలేదు, మేమూ వినలేదు. రేడియో లేదు కాబట్టి మమ్మల్ని పిలిచే దారి లేక కెప్టెన్ ఓడలోనే కూర్చుని పేకముక్కలతో తనలో తానే ఆడుకున్నాడట. పాప ఆకలేసి లేచి ఏడ్చింది. దీపాలు వెలిగాయి, పంపు కదిలింది, రేవు తలుపు తెరుచుకుంది. కెప్టెన్ లోపలికి వచ్చి, ఊరు ఊరంతా నేల మీద నుంచి లేచి చొంగ తుడుచుకోవడం చూసి నిలబడిపోయాడు. ప్రయాణికులు ఎవరని అడిగాడు.

గజపతిరావు గారు చేతిలోని కాగితం చూసుకున్నారు. నిద్రలో నలిగి ఉండలా అయింది. దాన్ని జేబులో పెట్టుకున్నారు.

"ఎవరూ లేరు బాబూ. సరుకు దించేసి ఎల్లిపో" అన్నారు.

సౌగంధి చేతిలో సంచీ జారిపోయింది. ఇక్కడ ఏదీ గబుక్కున పడదు. అది నేలకు చేరేలోపు ఆమె పాపను గట్టిగా పట్టుకుని, ఇన్నాళ్ళూ ఆపుకున్న ఏడుపు మొత్తం ఏడ్చేసింది. ఆమె ఏడుపు వేణువులో పడుతుంది. జత దెబ్బ లేదు కాబట్టి ఏ తలుపూ పట్టించుకోలేదు.

అందరూ వెళ్ళాక గజపతిరావు గారు నన్ను ఆపి, తన బాకా ఏమైందని అడిగారు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఇన్నాళ్ళకు కంటినిండా నిద్రపోయానని, ఆ చానెల్ అలాగే ఉండనిమ్మని చెప్పి, చప్పుడు లేకుండా నడిచి వెళ్ళిపోయారు.

నమోదు 31

ఊరు ఇప్పుడు పాప వేళల ప్రకారం నడుస్తోంది. ఆమె పడుకుంటే పడుకుంటాం, లేస్తే లేస్తాం. సభలు మధ్యలో ఆగిపోతున్నాయి, ఎవరికీ బెంగ లేదు. పేరు మీనాక్షి అని పెట్టారు. పేరు పెట్టే రోజున అందరం కలిసి పాడాం. గొంతులు తుప్పు పట్టి ఘోరంగా ఉంది.

ఈ రోజు భోజనాల దగ్గర మస్తానయ్య బాబాయి ఆమెను ఎత్తుకున్నాడు. మూడు నెలలు నిండిన మీనాక్షి ఆయన మీసం పట్టుకుని లాగింది. ఆయన "అబ్బా" అన్నాడు. ఆమె ఆ మొహంలోకి శ్రద్ధగా చూసి, ఉన్నట్టుండి నవ్వింది. పుట్టాక మొదటిసారి. గట్టిగా, కీచుగా, ఎక్కడెక్కడో స్వరాలు తిరుగుతూ, ఒళ్ళంతా కదిలిపోతూ నవ్వింది.

అలవాటు కొద్దీ అందరం బిగుసుకుపోయాం. సౌగంధి గుమ్మం వైపు చూసింది. గజపతిరావు గారు ముద్ద నోటి దగ్గరే ఆపి పైన దీపాల వైపు చూశారు. నేను కుర్చీలోంచి సగం లేచి, ఇది ఏ చానెల్లో పడుతుందా అని వెతుక్కుంటున్నాను.

ఏ యంత్రమూ రాలేదు. ఏ తలుపూ కదల్లేదు.

"ఇంకోసారి లాగమ్మా" అని బాబాయి మీసం ముందుకు పెట్టాడు.